కథలో దాగిన పాట



దాగుడుమూత లాడు పిల్లలను మీరు చూచియే యుందురు. దాగిన బిడ్డ గాదె ప్రక్కనో తలుపు మూలనో ఊపిరి బిగబట్టి కూర్చుండును. తన్నెవ్వరును కనుగొనరాదని యనుకొనుచునే, ఎంతసేపటికిని ఎవ్వరును రాకున్నచో తానే మెల్లగా దగ్గును, చేతిగాజులు గలగలలాడించును. దొరకినప్పటి కేరింతలోనే యా యాటలోని రుచి యంతయు నున్నది.

కథలు వ్రాయువారికిని ఇట్టి చాపల్యమే కలదు. తమనాటి జనుల నోళ్లలో నాడు పాటయో, వీధిలో జూచిన వేషమో, వంటింటి వాడుకయో కథలో నొకచోట చెప్పీ చెప్పక యుంచి, చదువరి పోల్చుకొనునా లేదా యని వేచియుందురు. పోల్చుకొన్నవారు తమలో తాము నవ్వుకొందురు. పోల్చుకొననివారికి కథ చెడదు. ఇదియే యీ విద్యలోని మర్యాద.

పాశ్చాత్యులు దీనికొక ముద్దుపేరు పెట్టిరి. ఈస్టరు పండుగనాడు పెద్దలు తోటలో రంగుగ్రుడ్లు దాచుటయు, పిల్లలు వెదకి తెచ్చుటయు వారి యాచారము. 1980 ప్రాంతమున అమెరికాలో అటారీ కంపెనీవారు 'అడ్వెంచర్' అను వీడియో ఆటను విడుదల చేసిరి. ఆటను కల్పించినవారి పేర్లు ఆ కంపెనీవారు ప్రకటించెడివారు కారు. అందుచేత దాని కల్పకుడైన వారెన్ రాబినెట్ తన పేరును ఆ యాటలోనే యొక రహస్యపు గదిలో దాచిపెట్టెను. ఆడుకొను బాలుడొకడు దానిని కనుగొనెను. నాటినుండి ఇట్టి దాపరికమునకు 'ఈస్టరు ఎగ్గు' అను పేరు వ్యాపించెను. నేటి యువజనులు సినిమాలలోను నవలలలోను వీనిని వెదకి, ఒకరికొకరు చూపుకొని మురియుచున్నారు.

పేరు నిన్నమొన్నటిది. పని మాత్రము మన తెనుగునేలపై ఎన్నో వందల యేండ్లుగా సాగుచున్నది. అందును ఒక విశేషము కలదు. మన పూర్వకవులు దాచిన వస్తువులలో పెక్కింటికి తాళపుచెవులు పండితుల పెట్టెలలో గాక స్త్రీల నోళ్లలో నుండెను. ఆ సంగతిని మీతో ముచ్చటించుటకే యీ వ్యాసము.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి — నేడు జిల్లాల ముఖ్యపట్టణములైన యీ మూడూళ్లును 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలోనివే. జనగామ జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని యూరు. అచ్చటి గుట్టమీద సోమేశ్వరస్వామి ఆలయమున్నది. ఆ మండలములోనిదే బమ్మెర, పోతనామాత్యుని యింటిపేరిటి గ్రామము. ఇంత దగ్గఱగా నున్న రెండు పల్లెలు తెనుగువారికి ఇద్దఱు మహాకవుల నిచ్చినవి. ఆ యిద్దఱును జనుల యింటిమాటను కావ్యములో పొదుగ నేర్చినవారే.

సోమనాథుడు కాకతీయులనాటి కవి. బసవపురాణమును, పండితారాధ్యచరిత్రను ద్విపదలో రచించెను. ద్విపద యనగా రెండేసి పాదములుగా నడచు ఛందస్సు. పుస్తకము చేతలేకున్నను పాడుకొన వీలైనది. పని చేసికొనుచు వినుటకును అనువైనది. పద్యగద్యములు కలిసిన ప్రౌఢకావ్యములకు గౌరవము హెచ్చుగా నున్న కాలమున, అందఱికిని తెలియు జానుతెనుగున వ్రాయుదునని పూని, ఆ కవి యీ ఛందస్సును చేపట్టెను. వినువా రెవరో ఎఱిగి వ్రాసినవా డగుటచేతనే, వారికి మాత్రమే తెలిసిన వస్తువులను ధైర్యముగా కావ్యములో నుంచగలిగెను.

పండితారాధ్యచరిత్రలోని యైదు ప్రకరణములలో కడపటిది పర్వతప్రకరణము. అందు శివరాత్రికి శ్రీశైలము చేరు యాత్రికుల వర్ణన కలదు. జనులు గుంపులుగా సాగుచు పాడుచుందురు. ఏమి పాడుచుండిరి? కవి పేర్లు చెప్పును: తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, ఆనందపదములు, శంకరపదములు, నివాళిపదములు, వాలేశుపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు. తెరచాటున బొమ్మల నాడించువారును, నానావిధములైన వేషగాండ్రును ఆ ప్రకరణమున గానవత్తురు.

పేర్లు చెప్పెనేగాని పాటలు చెప్పలేదు. చెప్పవలసిన పని లేకుండెను. తుమ్మెదపద మనగానే నాటి శ్రోతకు పల్లవి చెవిలో మ్రోగెడిది. వెన్నెలపద మనగానే నిండుపున్నమయు, వాకిట గూడిన చెలులును కన్నులకు గట్టెడివారు. కావ్యములో నొక్కమాట, వినువారి మనసులో నొక పాట యంతయు. పాటను ఇంతకంటె చక్కగా దాచుట యెట్లు?

దీని బలము మీకు తెలియుటకు నేటి యుదాహరణమే చెప్పెదను. ఒక కథలో "ఆమె వాకిట ఉయ్యాలపాట నెత్తుకొన్నది" యని యున్నదనుకొనుడు. జనగామలోగాని, మానుకోటలోగాని, భూపాలపల్లిలోగాని పుట్టిన యాడుబిడ్డకు ఆ మాటతోడనే బతుకమ్మ తోచును. పళ్లెరమున పేర్చిన తంగేడుపూలు, గునుగుపూలు, పసుపుగౌరమ్మ, గుండ్రముగా దిరుగు చప్పట్ల వరుస — అన్నియు నొక్కసారిగా ఎదుట నిలుచును. ఆ పండుగ నెఱుగని దూరదేశపు చదువరికో, అది తొట్టిలోని బిడ్డకు పాడు జోలపాటగా తోచును. అతనికి తోచినదానివలన కథకు హాని లేదు. కాని మొదటి యామెకు దక్కినది వేఱు. వాక్య మొక్కటియే, విన్న చెవులు రెండు.

పాటలనేగాక, బిడ్డలను పెంచు నేర్పును సైతము సోమనాథుడు కథలో పొదిగెను. బసవపురాణములో బెజ్జమహాదేవి కథ యున్నది. ఆమెకు శివునిమీద జాలి పుట్టెను. పాపము, ఆయనకు తల్లి లేదు! తల్లియే యున్నచో బిడ్డను విషము త్రాగనిచ్చునా, తోలు గట్టనిచ్చునా, బిచ్చమెత్తనిచ్చునా? ఇట్లు తలపోసి ఆమె తానే శివునికి తల్లి యయ్యెను. లింగమును బిడ్డగా నెంచి, నూనె యంటి, నీళ్లుపోసి, కాటుక దిద్ది, పాలిచ్చి, జోకొట్టెను. శివుడును ఆ తల్లి మనసు చూడగోరి అంగిటిముల్లు అను వ్యాధి వచ్చిన బిడ్డవలె పాలు త్రాగకుండెను. ఆమె తల్లడిల్లెను.

ఈ కథను భక్తికథగా నెల్లరును చదువవచ్చును. కాని పురిటింట మసలిన స్త్రీ దీనిని మఱియొక విధముగా చదువును. బిడ్డకు నీళ్లుపోయు వరుస ఆమెకు తెలియును. అంగిటిముల్లు పేరు వినగానే అది బిడ్డ గొంతున వచ్చు బాధ యనియు, దానిచేత పాలు మ్రింగలేదనియు నాటి తల్లికి ఎవ్వరును చెప్పనక్కఱలేదు. నేటి పడుచుతల్లికి ఆ మాట క్రొత్తగా నుండవచ్చును. ఆమె యింట ముసలమ్మ యున్నచో అడిగి తెలిసికొనవచ్చును. అడుగుట కెవ్వరును లేనినాడు నిఘంటువు అర్థమును జెప్పునేగాని, తల్లి గుండెలోని యదురును చెప్పలేదు.

ఇక బమ్మెరకు వత్తము. పోతన సంస్కృతభాగవతమును తెనుగు చేసినవాడు. దశమస్కంధములో బాలకృష్ణుడు గోపబాలురతో కూడి యమునయొడ్డున చల్దులారగించు ఘట్టము కలదు. సంస్కృతమూలములో కృష్ణుని యెడమచేత మెత్తని కబళమును, వ్రేళ్లసందున ఫలములును ఉన్నవని చెప్పబడినది. పోతనచేతిలో ఆ కబళము మీగడపెరుగు కలిపిన చల్దిముద్ద యయ్యెను. ఫలములు ఊరుగాయ లయ్యెను!

మార్చినది ఒక్క మాటయే. కాని ఆ మాటతో యమునాతీరము తెనుగు పొలముగట్టున వెలసినది. ఉదయమున పశువుల వెంట పోవు బిడ్డకు తల్లి చల్దిమూట కట్టి, బిడ్డ కొసరగా జాడీ మూత తీసి మఱియొక ముక్క వేయుట యెఱిగినవారికే యీ పద్యము పూర్తిగా దక్కును. భక్తులు అందు భగవంతుని లీలను జూతురు. పండితులు సీసపద్యపు నడకను మెత్తురు. ఊరుగాయ పెట్టిన చేయి మాత్రము తన చేతిపనిని అందు గుర్తించును.

ఓరుగల్లు నగరమును వర్ణించు క్రీడాభిరామములో ఇట్టివి రాసులుగా నున్నవి. పదునైదవ శతాబ్దమునాటి యీ గ్రంథము వినుకొండ వల్లభరాయని పేర వెలసినది. ఇద్దఱు మిత్రులు ఓరుగల్లు వీధులలో నొకదినము తిరుగుటయే కథ. వారొక పూటకూటియింటి మాట చెప్పుకొందురు. ఒక్క రూకకు కప్పురభోగి యన్నము, గోధుమపిండివంట, నెయ్యి మొదలైనవానితో భోజనము దొరకునట! నాడు ఓరుగల్లు చూచినవారు ఆ యిల్లు తమకును తెలియునని తల యూచియుందురు. మఱియొకచోట ఒక స్త్రీ వాద్యము మ్రోయించుచు పలనాటి వీరుల కథను ద్విపదలో పాడుచుండగా కుఱ్ఱవాండ్రు వీరావేశమున నూగిపోవుదురు. ఆమె పేరు కవి చెప్పలేదు. ఆమె పాడిన పాట నీయలేదు. అయినను వీధిలో నిలిచి వీరగాథ పాడు స్త్రీ నాటి ప్రజలకు చిరపరిచితయని మనకీ పద్యమువలననే తెలియుచున్నది.

సోదరీమణులారా, ఇంతవరకు వినోదమే. ఇప్పుడు వినోదము కాని మాట చెప్పవలసియున్నది.

దాచిన వస్తువు దొరకవలెనన్నచో దానిని పోల్చుకొనువారు బ్రతికియుండవలెను. ఇంగ్లీషు మహాకవి షేక్స్పియరు తన హామ్లెట్ నాటకములో కొయ్యగుఱ్ఱపు వేషమును గూర్చిన యొక జనసామాన్యపు పాటను తలచెను. నాటి ప్రేక్షకులకు అది తెలిసిన పాట. నేడు ఆ పాట పూర్తిగా లభించుట లేదు. నాటకములో నిమిడిన తునుక మాత్రము నిలిచి, వ్యాఖ్యాతల సహాయమున అర్థమగుచున్నది. మన వాలేశుపదముల గతియు నిట్టిదే. పేరు వినిన వెంటనే నేడెవ్వరి నోటికిని పాట రాదు. తాళము తలుపున వ్రేలాడుచున్నది, తాళపుచెవి పోయినది.

ఎట్లు పోవును? ఎవ్వరును పాటను చంపరు. పాట పనితో పుట్టినది. పని పోయిన పాటయు పోవును. రోకటిపాటలు సోమనాథునినాటికే వాడుకలో నుండెను. వడ్లు దంచునప్పుడు రెండు రోకళ్లు ఒకదానికొకటి తగులకుండ లయ నిలుపుటకు సువ్విపాట కావలసియుండెను. బియ్యపు మరలు వచ్చి స్త్రీల భుజములకు విశ్రాంతి నిచ్చినవి. అది మేలే, మరల రోలు దంచుమని ఎవ్వరును కోరరు. కాని రోకలితోబాటు పాటను గూడ అటకమీద పెట్టితిమి. తిరుగలిపాట సంగతియు నింతే. ఒక పాట పోయినప్పుడు అదొక్కటియే పోవుట లేదు. ఆ పాటను నమ్ముకొని ఏ కవి యే కావ్యములో నేమి దాచెనో, ఆ కావ్యములోని యా భాగము గూడ మూగపోవుచున్నది.

దీని విలువ నెఱిగిన పెద్దలు లేకపోలేదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు సోమనాథుని కావ్యములును, క్రీడాభిరామమును ముఖ్యాధారములైనవి. రాజులు శాసనములలో తమ జయములను చెక్కించిరేగాని, జనులేమి తినిరో, ఏమి యాడిరో, ఏమి పాడిరో చెక్కించలేదు. ఆ సంగతులు కావ్యములలో నిట్లు దాగియుండగా వారు వెదకి తీసిరి. ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఓరుగల్లు ప్రాంతమువారైన బిరుదురాజు రామరాజుగారు పల్లెపల్లె దిరిగి పాటలు సేకరించి, తెలుగు జానపద గేయ సాహిత్యముపై పరిశోధించి 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము నందిరి. ఒకరు తాళములను చూపిరి. ఒకరు తాళపుచెవులను పోగుచేసిరి.

మీలో కథలు వ్రాయువారు పెక్కండ్రు గలరు. వారి కుపయోగపడునని యీ పూర్వుల పద్ధతినుండి నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

మొదటిది: దాచినదానిపై కథను నిలుపరాదు. ఊరుగాయ యెఱుగనివానికిని కృష్ణుని బువ్వబంతి మనోహరముగనే యుండును. చదువరి పోల్చుకొననిచో ముడి విడదన్నట్లు వ్రాసినయెడల అది కథ గాదు, పొడుపుకథ యగును.

రెండవది: దాచి, మరల తామే విప్పి చెప్పరాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో గిరీశము శిష్యునికి కావలసిన పుస్తకముల పట్టీ చెప్పించు ఘట్టము జ్ఞప్తికి దెచ్చుకొనుడు. నాటి బడిపుస్తకముల నడుమ వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రయు నందు దూరినది. పరీక్షలకై అచ్చగు సులభబోధినుల పేర్లమీద ఎగతాళియు గలదు. గురజాడ దేనినిగూర్చియు వ్యాఖ్య చేయలేదు. బడి కేగిన పిల్లలున్న యింటివారు తామే నవ్వుకొనిరి.

మూడవది: పొరుగింటి గుట్టును దాచి వ్రాయరాదు. అందఱికిని చెందిన పాట, ఆట, వంట, సామెత, సినిమా — వీనిని దాచిన వినోదము. ఒక్కరి కన్నీటిని దాచి పదిమందికి సైగ చేసిన అది క్రౌర్యము. దొరకినప్పుడు నవ్వవలసినవారిలో ఎవ్వరిని గూర్చి వ్రాసితిమో వారును ఉండగలుగవలెను.

నాలుగవది, ముఖ్యమైనది: పేరుతోబాటు సందర్భమును గూడ నుంచవలెను. నేటి సినిమాపాట పదియేండ్లకు మఱపున పడవచ్చును. కథలో దాని పేరుమాత్ర ముంచిన అదియు మఱపున పడును. సోమనాథుడు పాటల పేర్లను ఊరక పట్టీ వేసి పోలేదు. కొండకు బోవు యాత్రికుల నోట నుంచెను. అందుచే కొన్ని పాటలు పోయినను, అలసిన కాళ్లకు బలమిచ్చుటకు జనులు కూడి పాడిరన్న సంగతి పోలేదు. ఎవరు, ఎప్పుడు, ఏ పనిలో పాడిరో చెప్పిన, పాట మరుగైనను దాని వేడి మిగులును.

వ్రాయనివారికిని పని కలదు. అది యింకను పెద్దది. మీ యింట అమ్మమ్మయో నాయనమ్మయో యున్నచో, మధ్యాహ్నము పని తీఱిన పిమ్మట సోమనాథుని యా పాటలపేర్లను ఒక్కొక్కటిగా ఆమెకు చదివి వినిపింపుడు. ఆమె యేదో యొక పేరువద్ద ఆగి, "ఇది మా అమ్మ పాడెడిది" యనవచ్చును. అప్పుడు పుస్తకము మూసి ఆమెను పాడనిండు. చేతిఫోనులో ఆ గొంతును పట్టియుంచుటకు నిమిషము పట్టదు. అంతతో నూరకుండక కాగితముమీదను వ్రాయుడు: పాట, పాడినవారి యూరు, ఏ పండుగనాటిదో, ఏ పని చేయునప్పటిదో, ఎవరివద్ద నేర్చినదో. మాట మఱచినచోట మాట మఱచినదనియే వ్రాయుడు. మీ మాట చేర్చకుడు.

ఇది పల్లెలో సాగునా యని సంశయింపవలదు. మహబూబాబాదు దగ్గఱి ఇనుగుర్తి యను గ్రామమునుండియే 1922లో ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' అను పత్రికను వెలువరించిరి. ఆ కాలమున, ఆ పల్లెలో అచ్చుపని సాగినప్పుడు, నేడు ఒక రెండురూళ్ల నోటుపుస్తకమును నింపుట మనకు భారమా?

రానున్న బతుకమ్మ తొమ్మిదినాళ్లలో నింటికొక పాట వ్రాసియుంచిన చాలును. ఎంగిలిపూలనాడు మొదలుపెట్టుడు. సద్దులనాటికి మీ వాడలో నెన్ని పాటలు చేరినవో లెక్కించి చూచుకొనుడు. ఎన్నడో మీ మనుమరాలు పండితారాధ్యచరిత్రను తెఱచి ఒక పదము పేరువద్ద తటపటాయించినప్పుడు, ఆమె చేతికి అందవలసిన పుస్తకము అదియే.